పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం అన్నీ వచ్చాక కూడా టేబుల్ నడుపుతున్నవాళ్ళు ఎలా నడుపుతున్నారు?

నిద్రలేని జీఎం

అందరికీ నమస్తే. ఉండేది మల్కాజిగిరి, పని బ్యాంకులో. కాలేజీ రోజుల నుంచి డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) నడుపుతున్నా, అంటే ఒకరు కథ నడిపితే మిగతావాళ్ళు అందులో పాత్రలుగా పాచికలతో ఆడే ఆట, ఆ నడిపేవాడే జీఎం. ఇప్పుడున్న గుంపుతో ఫిఫ్త్ ఎడిషన్ రూల్స్‌తో కాంపెయిన్, అంటే చాలా పూటలు సాగే కథ, ఒకటి సగం దాకా వచ్చి అక్కడే కూర్చుంది, ముందుకు కదలదు, అలాగని ఎవరూ ఆపేద్దామని కూడా అనరు.

నాతో కలిపి ఐదుగురం. ఒకడు కొంపల్లి, ఒకడు మియాపూర్, ఒకామె ఉప్పల్, ఇంకొకడు గచ్చిబౌలి. ఆ గచ్చిబౌలివాడికి రాత్రి ఎనిమిదిన్నర నుంచి అమెరికా వాళ్ళతో కాల్స్. నాకేమో శనివారాల్లో రెండోదీ నాలుగోదీ మాత్రమే సెలవు. ఆదివారం పెట్టుకుందామంటే ఎవరో ఒకరింట్లో బారసాలో, గృహప్రవేశమో, కనీసం ఊరి నుంచి చుట్టాలో. గ్రూపులో "ఈ వారం ఉందా?" అని నేను అడగడం, ఇద్దరు బొటనవేలు పెట్టడం, మిగతా ఇద్దరు చూసి ఊరుకోవడం, తీరా మధ్యాహ్నం మూడింటికి ఒకడు "సారీ మామా, అత్తగారొచ్చారు" అని పెట్టడం. నేను అప్పటికే మ్యాపు గీసి, సమోసాలు కూడా చెప్పేసి ఉంటాను.

ఇంట్లో సంగతి వేరు. మా ఆవిడకి కోపమేమీ లేదు, కానీ ఒకసారి చాలా మామూలుగా అడిగింది, "నాలుగు గంటలు ఆడారు కదా, చివరికి ఎవరు గెలిచారు?" అని. ఎవరూ గెలవరు అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు మీరే ఊహించుకోండి. మా అమ్మకైతే పాచికలు కనబడితేనే భయం, ధర్మరాజు అంతటివాడు ఏమయ్యాడో గుర్తుచేస్తుంది.

మరి ఎందుకు వదలడం లేదంటే, ఈ ఆట నాకు ఆదివారంతో అయిపోయేది కాదు. కౌంటర్ దగ్గర ఎవరైనా పాస్‌బుక్ ఊపుతూ అరుస్తుంటే నాకు ముందు వచ్చే ఆలోచన "ఈయనకి అసలు ఏం కావాలి, దేనికి భయపడుతున్నాడు" అని. అది ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు, ఏళ్ళ తరబడి ఆటలో గోబ్లిన్ రాక్షసులకీ సత్రం యజమానులకీ గొంతు ఇస్తూ వచ్చిన అలవాటు. పెన్షన్ ఆగిన పెద్దాయన అరుపులో కోపం పావు వంతే, మిగతాది కంగారు. అది కనిపెట్టాక మాట్లాడటం సులువు.

అందుకే అడుగుతున్నా. మీరంతా ఎలా సర్దుకుంటున్నారు? "ఆన్‌లైన్‌లో ఆడండి" అని మాత్రం చెప్పకండి, పొద్దంతా స్క్రీన్ చూసి మళ్ళీ రాత్రి స్క్రీన్ ముందు కూర్చోలేను.

కూకట్‌పల్లి కోబోల్డ్

భయ్యా, "ఈ వారం ఉందా?" అని అడగడం ముందు ఆపండి. ఐదుగురు పెద్దవాళ్ళని ఖాళీగా ఉన్నారా అని అడిగితే ఈ ఊళ్ళో వచ్చే జవాబు లేము అనే. అడగకూడదు, ప్రకటించాలి. నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం, సాయంత్రం నాలుగు. మీ సెలవులే మీ క్యాలెండర్. ముగ్గురు వస్తే ఆట ఉంటుంది, ఇద్దరే వస్తే చాయ్ తాగి కబుర్లు. రానివాళ్ళ మీద అలగకూడదు, వాళ్ళ కోసం ఆపనూ కూడదు.

దీనికి తగ్గ పద్ధతి ఒకటి ముందే ఉంది, వెస్ట్ మార్చెస్ అంటారు, బెన్ రాబిన్స్ అనే ఆయన నడిపిన కాంపెయిన్ నుంచి వచ్చింది. అందులో స్థిరమైన పార్టీ ఉండదు, స్థిరమైన రోజూ ఉండదు. అడవి అంచున ఒక ఊరు, ఆ ఊరే ఇల్లు. ఎవరు కుదిరితే వాళ్ళు కలిసి "మేం ఆ పాడుబడ్డ గుడి వైపు పోతాం" అని జీఎంకి ముందే చెప్తారు, బయల్దేరతారు, సెషన్ అయ్యేలోపు ఊరికి తిరిగొస్తారు. తరవాతిసారి వేరే నలుగురు. కథ ఏ ఒక్కరి మీదా ఆగి ఉండదు. ఎక్కడికి పోవాలో ప్లేయర్లే ముందు చెప్తారు కాబట్టి మీరు గీయాల్సిన మ్యాపు కూడా ఒకటే.

రెండోది, చోటు. మల్కాజిగిరిలో మీ ఇంటికి మియాపూర్ నుంచి రమ్మంటే వాడు నెలకొకసారి వస్తాడు, అది కూడా మొహమాటానికి. అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. మియాపూర్ నుంచీ ఉప్పల్ నుంచీ రైలు మారకుండా వచ్చేయొచ్చు, గచ్చిబౌలివాడు రాయదుర్గంలో ఎక్కొచ్చు. కొంపల్లివాడికి మెట్రో లేదు, వాణ్ణి ఎలాగూ బండి మీద రమ్మనాలి, ఏం చేస్తాం. మేం అమీర్‌పేటకి దగ్గర్లో ఒక ఫ్రెండు ఫ్లాట్‌లో ఆడతాం, కేఫ్‌లో అయితే పక్క టేబుల్ గోలకి జీఎం గొంతు పోతుంది.

మూడోది ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నా. పెద్ద కాంపెయిన్ మొదలెట్టడానికి ఈ ఊళ్ళో ముహూర్తం ఆషాఢం. పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు. కొత్తగా పెళ్ళైన మీ ప్లేయర్ భార్య పుట్టింట్లో ఉంటుంది, వాడంత ఖాళీగా ఏడాది మొత్తంలో ఇంకెప్పుడూ ఉండడు. బోనాల ఆదివారాలు మాత్రం వదిలేయండి, గోల్కొండ వారం పర్వాలేదు గానీ లష్కర్ బోనాలప్పుడు మీ మల్కాజిగిరి నుంచి సికింద్రాబాద్ దాటి రావడం మీవల్ల కాదు. పుష్యమాసంలోనూ పెళ్ళిళ్ళుండవు, కానీ మధ్యలో సంక్రాంతి వస్తుంది, సగం టేబుల్ ఊళ్ళకి పోతుంది. శ్రావణం వచ్చేసరికి మీ కాంపెయిన్ ఒక అంకం పూర్తయ్యేలా చూసుకోండి. ఆ తరవాత అంతా భోజనాల సీజనే.

మూసీ మాంత్రికురాలు

కోబోల్డ్ గారు చెప్పిన మెట్రో, ఆషాఢం లెక్కలు బాగున్నాయి గానీ, ప్రశ్నలో ఉన్న అసలు ముడి అది కాదనిపిస్తోంది నాకు. మ్యాపు మీరే గీస్తారు, చోటు మీదే, సమోసాలు మీవే, గ్రూపులో అడిగేదీ మీరే. మిగతా నలుగురూ అతిథులు. అతిథికి రాకపోవడం తేలిక. వాళ్ళ చేతిలో కూడా ఏదో ఒక పని ఉంటే అప్పుడు తెలుస్తుంది ఎవరికి నిజంగా ఆడాలని ఉందో.

మా దగ్గర జీఎం కుర్చీ తిరుగుతూ ఉంటుంది. ఒకరు ఒక కథ నడిపి ముగిస్తారు, ఒకట్రెండు సెషన్లు అంతే, తరవాత ఇంకొకరు. "నాకు రూల్స్ రావు" అనేవాళ్ళకి ఫియాస్కో ఇవ్వండి. 2009లో జేసన్ మార్నింగ్‌స్టార్ రాసిన ఆట, జీఎం ఉండడు, ఇంట్లో లూడో డబ్బాలో ఉండే మామూలు ఆరు ముఖాల పాచికలు చాలు, ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఆశ ఎక్కువ, తెలివి తక్కువ ఉన్న మనుషులు చిన్న మోసం ఒకటి చేయబోయి మునిగిపోవడమే కథంతా. దాన్ని కేపీహెచ్‌బీ కాలనీలో ఒక చిట్‌ఫండ్ చుట్టూ పెట్టి ఆడండి, ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు, అందరికీ అలాంటి బాబాయి ఒకడుంటాడు.

ఇంకోటి, మన దగ్గర ఇంత సరుకు పెట్టుకుని ఎప్పుడూ డీ అండ్ డీ వాళ్ళ ఫర్గాటెన్ రెల్మ్స్ లోకంలోనే ఎందుకు తిరగాలి? నేను నడిపిన వన్‌షాట్ (ఒక్క పూటలో అయిపోయే ఆట) చెప్తాను, కావాలంటే వాడుకోండి. 1687, గోల్కొండ. ఔరంగజేబు సైన్యం దాదాపు ఎనిమిది నెలలుగా కోటని ముట్టడించి కూర్చుంది, గోడ కూలలేదు. చివరికి లోపలి మనిషే డబ్బు తీసుకుని తలుపు తీశాడు, ఇది చరిత్ర. ఆట ఆ ముందు రాత్రి. ప్లేయర్లంతా కోటలో కాపలావాళ్ళు. మొదట్లో అందరికీ ఒక్కో చీటీ ఇస్తాను. ఒక చీటీలో "నువ్వు మొగలుల దగ్గర డబ్బు తీసుకున్నావు" అని ఉంటుంది, మిగతావాటిలో వేరే వేరే రహస్యాలు, ఒకడు ఆకలికి గిడ్డంగిలో ధాన్యం దొంగిలించాడు, ఒకడి తమ్ముడు అవతలి సైన్యంలో ఉన్నాడు, ఇలా. అందరూ దాస్తుంటారు కాబట్టి అసలు ద్రోహి ఎవరో అంత తొందరగా తేలదు. కింద ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది కదా, అది టేబుల్ మీద నిజంగా వాడాం. ఎవరైనా ప్రమాదం ఉందని పైకి కబురు పంపాలంటే నిజంగానే చప్పట్లు కొట్టాలి. కొడితే ద్రోహికీ వినిపిస్తుంది. రాత్రి పదిన్నరకి మా పక్క ఫ్లాట్ అంకుల్ వచ్చి బెల్లు కొట్టాడు, అది వేరే సంగతి.

అలాంటిదే ఇంకోటి మనసులో ఉంది. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెప్తారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆట మొత్తం ఆ చెట్టు మీదే. రాక్షసులు లేరు, నిధి లేదు. కొమ్మ ఎవరికి ఇస్తావు, నీళ్ళలో కొట్టుకొస్తున్నవాడికి చెయ్యి చాపుతావా లేదా, అంతే. ఇంకా నడపలేదు. ఇది అందరితో ఆడే ఆట కాదు, ముందే సెషన్ జీరో పెట్టి ఎవరికి ఏది వద్దో కనుక్కోవాలి. నీళ్ళలో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఎవరిదైనా ఉండొచ్చు.

ఇక "ఎవరు గెలిచారు" అన్న ప్రశ్న. మీ ఆవిడని ఈ గోల్కొండ ఆటకి కూర్చోబెట్టండి, ద్రోహి చీటీ ఆవిడకే ఇవ్వండి. ఎవరు గెలిచారో ఆవిడే చెప్తుంది.

పాత పాచిక

ఆ సగం కాంపెయిన్ ముగించెయ్యండి సార్. ఒక్క సెషన్ పెట్టి, అందరూ ఎలాగో వచ్చేలా చూసి, విలన్‌ని ఊళ్ళోకే రప్పించి తేల్చెయ్యండి. నానిపోయిన కాంపెయిన్ ఇంట్లో కట్టని కరెంటు బిల్లులాంటిది, అందరికీ కనబడుతూనే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు.

అన్నట్టు ఇదంతా కుర్రాళ్ళ పని అనేవాళ్ళకి ఒక మాట చెప్పొచ్చు. 1974లో డీ అండ్ డీ తెచ్చిన ఇద్దరిలో గ్యారీ గైగాక్స్ అంతకుముందు ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసి, ఆ ఉద్యోగం పోయాక చెప్పులు బాగుచేసి సంసారం నడిపిన మనిషి. ఇంటి నిండా పిల్లలు. మొదట వేసినవి వెయ్యి కాపీలు, ఇంట్లోనే చేత్తో సర్ది డబ్బాల్లో పెట్టారు. ఖాళీగా ఉన్నవాళ్ళు పుట్టించిన ఆట కాదు ఇది.

నిద్రలేని జీఎం

అందరికీ థ్యాంక్స్. కరెంటు బిల్లు మాట గట్టిగానే తగిలింది.

కోబోల్డ్ భయ్యా, ఒక సందేహం. వచ్చినవాళ్ళతో ఆడితే కథలో లోతు పోదా? మా ఉప్పల్ అమ్మాయి క్యారెక్టర్ ఒక పాలడిన్, అంటే ధర్మయోధురాలు, తప్పిపోయిన అన్నని వెతుక్కుంటోంది. ఆమె రాని రోజు ఆ అన్న జాడ దొరికితే ఎలా? నాకు అలాంటి కథలే ఇష్టం, ఊరికే గుహలో దూరి పెట్టెలు తెరిచి రావడం కాదు.

అక్కా, గోల్కొండ వన్‌షాట్ తీసుకుంటున్నా. ఏ సిస్టంలో నడిపారు?

కూకట్‌పల్లి కోబోల్డ్

ఆమె రాని రోజు జాడ దొరకడమే మంచిది భయ్యా. మిగతావాళ్ళకి తెలుసు, ఆమెకి తెలియదు. ఊళ్ళోకి తిరిగొచ్చాక చెప్పాలా వద్దా అన్నది వాళ్ళ తలనొప్పి. మా దగ్గర ఇలాగే ఒకడు చెప్పకుండా దాచాడు, అది బయటపడిన రోజు మేం కత్తి దూయకుండా ఆడిన సెషన్, ఇప్పటికీ దాని గురించే మాట్లాడుకుంటాం. మీరు రాసిపెట్టుకున్న లోతు కంటే వాళ్ళు ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నదే ఎక్కువ లోతు.

లోతు పోయేది ఒకే చోట, సెషన్ మధ్యలో ఆపితే. కాశీ యాత్రలో మజిలీకొక కథ చెప్పుకున్నట్టు, కూర్చున్న పూటకి ఒక కథ ముగిసిపోవాలి. రాత్రి ఎనిమిదికి గడియారం చూసి, ఎనిమిదిన్నరకల్లా ఊరి పొలిమేర చేర్చెయ్యండి. మీ గచ్చిబౌలివాడి కాల్ కూడా అప్పుడే కదా.

మూసీ మాంత్రికురాలు

సిస్టం అంటూ పెద్దగా ఏమీ లేదు. రెండు ఆరు ముఖాల పాచికలు, కూడితే 10 లేదా పైన వస్తే అనుకున్నది అవుతుంది, 7 నుంచి 9 అయితే అవుతుంది గానీ ఏదో ఒకటి పోతుంది, 6 లేదా కింద అయితే జీఎం చేతిలో పడ్డట్టే. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ నుంచి చాలా ఆటలు తీసుకున్న లెక్క ఇది. 36 రకాలుగా పడొచ్చు కదా, అందులో 10 లేదా పైన వచ్చేవి 6 మాత్రమే, 7 నుంచి 9 వచ్చేవి 15, ఓడేవి ఇంకో 15. అంటే పూర్తి గెలుపు అరుదు, గెలిచినా ఎక్కువసార్లు ఏదో ఒకటి ఇచ్చుకుని ముందుకు పోవాలి. ముట్టడిలో ఉన్న కోటకి ఆ లెక్క సరిపోయింది. డీ అండ్ డీలో వాడే డీ20 (ఇరవై ముఖాల పాచిక) అయితే 1 పడ్డా 20 పడ్డా అవకాశం ఒకటే, అక్కడ ఊపు ఎక్కువ, ఈ నలుగుడు ఉండదు.

నిజం చెప్పాలంటే ఆఫీసులో కూడా నాకు ఈ మధ్య 7 నుంచి 9 రోజులే కనబడుతున్నాయి. లీవు దొరుకుతుంది, కానీ సోమవారం రిపోర్టు నా మీద పడుతుంది.

గవ్వల అక్క

ఆలస్యంగా చూశాను. ఉప్పుగూడలో ఉంటాం, ఇద్దరు పిల్లలు. నాకు వారాంతపు టేబుల్ ఎప్పుడూ కుదరలేదు, అందుకని ఇంట్లోవాళ్ళతోనే మొదలుపెట్టాను. రాత్రి అన్నాలయ్యాక అరగంట, అంతకంటే సాగనివ్వను.

పాచికలంటే మా అత్తగారికీ మీ అమ్మగారి భయమే ఉండేది. కానీ ఆవిడ దగ్గర అష్టాచెమ్మ గవ్వలున్నాయి, వాటి మీద ఏ భయమూ లేదు, ఎందుకో అడగలేదు. ఆ నాలుగు గవ్వలతోనే ఆడతాం. ఒకటి వెల్లకిల పడితే ఆపద, రెండు పడితే పని అవుతుంది గానీ ఏదో పోతుంది, మూడు పడితే హాయిగా అవుతుంది. నాలుగూ వెల్లకిల పడి చెమ్మ వచ్చినా, నాలుగూ బోర్లా పడి అష్ట వచ్చినా అద్భుతం జరుగుతుంది, ఆ అద్భుతం ఏంటో వేసినవాళ్ళే చెప్పాలి. మా చిన్నది చెప్పే అద్భుతాల్లో ఎప్పుడూ ఒక ఏనుగు ఉంటుంది. దొంగల గుహలో కూడా.

జీఎం మా అత్తగారే. ఎవరూ నేర్పలేదు. ఆవిడ చిన్నప్పటి నుంచి చెప్తున్న కథే చెప్తారు, రాజకుమారుడు కొత్త ఊరికి వచ్చాడు, పేదరాశి పెద్దమ్మ ఇంట్లో దిగాడు, ఆవిడ ఆ ఊళ్ళో సంగతులన్నీ చెప్పింది. ఇంగ్లీషు ఆటల్లో సత్రంలో మొదలవుతుందే, అచ్చం అదే పని. నేను ఆవిడకి నేర్పింది ఒక్కటే, కథ మధ్యలో ఆగి "ఇప్పుడు నువ్వేం చేస్తావురా?" అని అడగమని. మొదట్లో పిల్లలు చెప్పినదాన్ని ఆవిడ ఒప్పుకునేవారు కాదు, "అలా కాదు, రాకుమారుడు మర్రిచెట్టు ఎక్కాడు" అని లాగేవారు. ఇప్పుడు పిల్లల కంటే ఆవిడకే ఆత్రం, మధ్యాహ్నం సీరియల్ చూస్తూ రాత్రికి రాక్షసుణ్ణి ఆలోచిస్తుంటారు.

మా పెద్దవాడికి లెక్కల్లో మార్కులు పెరిగాయని మాత్రం చెప్పను, పెరగలేదు. వాడు ఓడిపోతే ఆట పటం విసిరేసేవాడు, ఇప్పుడు ఒక గవ్వ పడితే "అయితే ఏం ఆపద?" అని అడుగుతున్నాడు, నాకది చాలు.

మీకు రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక్కరే ఆడాలనిపిస్తే ఐరన్‌స్వోర్న్ చూడండి, షాన్ టామ్‌కిన్ 2018లో తెచ్చారు, ఉచితంగానే దొరుకుతుంది, జీఎం లేకుండా ఒంటరిగా ఆడుకునేలా చేసిన ఆట. ఒక నోటు పుస్తకం ఉంటే స్క్రీన్ అక్కర్లేదు.

నిద్రలేని జీఎం

అక్కా, గవ్వల సంగతి మా అమ్మకి చదివి వినిపించాను. "గవ్వలైతే వేరు" అంది, అంతే, ఎందుకు వేరో ఈవిడా చెప్పలేదు.

సరే, నిర్ణయం ఇది. వచ్చే రెండో శనివారం కాంపెయిన్ ఆఖరి సెషన్, గ్రూపులో అడగలేదు, ప్రకటించేశా. కొంపల్లివాడు వెంటనే "అదేంటి ముగించేస్తున్నావా" అని ఫోన్ చేశాడు, నెలల తరవాత వాడంతట వాడు చేసిన ఫోన్ అదే. సమోసాలు వాడి బాధ్యత అని చెప్పా. తరవాతి ఆట గోల్కొండ, దాన్ని ఉప్పల్ అమ్మాయి నడుపుతానంది. నేను ప్లేయర్‌ని. కాపలావాడి పేరు కూడా ఆలోచించేసుకున్నా.

పాత పాచిక

శుభం. గవ్వల అక్క గారికి చిన్న సవరణ. గవ్వ వెల్లకిలా బోర్లా సమానంగా పడుతుందనుకుంటే 16లో 4 సార్లు ఆపద, 6 సార్లు అయ్యీ కానట్టు, 4 సార్లు హాయి, 2 సార్లు అద్భుతం. పిల్లలకి చక్కటి లెక్క, పెద్దవాళ్ళ రెండు పాచికల కంటే చాలా దయగలది. కానీ గవ్వ నాణెం కాదు, రెండు వైపులా ఒకేలా ఉండదు, ఒక్కో గవ్వకి ఒక్కో పొట్ట. మీ నాలుగింటినీ విడివిడిగా ఓ వందసార్లు వేసి రాసి చూడండి, ఏదో ఒకటి ఒక వైపే మొగ్గుతుంది.

గవ్వల అక్క

ఒకటి మొగ్గుతుందని మా అత్తగారికి ఎప్పుడో తెలుసు అన్నయ్యా. పిల్లలు మరీ ఓడిపోతున్నప్పుడు దాన్నే ముందు చేతిలో పెడతారు.